చుక్క పెట్టిన గురువారం

శిక్షకీ శిక్షణకీ మధ్య తేడా ఒక్క ణకారమే. ఆ ణకారాన్ని అందుకోవడానికి సోమ, మంగళ, బుధవారాలు మూడు రోజులూ పొద్దున తొమ్మిదింటికల్లా ఐదో అంతస్తు హాలుకు రావలసిందని పెద్ద సిస్టరుకు కాగితం వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో 'ఆసుపత్రి నిర్వాహకులకు ఆసరా' అనీ, కింద చిన్న అక్షరాల్లో 'రానివారు సంజాయిషీ ఇచ్చుకోవలెను' అనీ ఉంది.

"శిక్షణా? ఏం నేరం చేశావే?" అన్నాడు మొగుడు, టికెట్ల సంచీ భుజానికి తగిలించుకుంటూ. ఆయన బస్సు కండక్టరు. రోజుకు నాలుగు వందల మందితో మాట్లాడి కూడా ఇంట్లో వాగడానికి మిగుల్చుకోగల మనిషి.

"మేనేజర్ని అయ్యాను. అంతకంటే నేరం ఏముంది?"

"మేనేజరంటే మేనే జ్వరం. మందు ఐదో అంతస్తులో ఉందేమో, పోయి తెచ్చుకో."

ఆవిడ బల్ల మీద 'వార్డు మేనేజరు' అని ప్లాస్టిక్ పలక ఉంది గాని, ఆ పలక దుమ్ము తుడిచేదీ ఆవిడే, దాన్ని చదివేదీ ఆవిడే. మిగతా అందరి నోటా పెద్ద సిస్టరే. మగవాళ్ళ వార్డులో ముప్పై రెండు పడకలు, నోట్లో పళ్ళెన్నో అన్ని. చూసుకోవడానికి పదకొండు మంది నర్సులు ఉండాలని కాగితం చెబుతుంది. ఉన్నది తొమ్మిది మంది. రెండు పళ్ళు ఊడినా నమలడం తప్పదు గదా అని అందరూ నమ్ముతున్నారు. నమిలేది పైవాళ్ళు కాదు గనక నమ్మకం గట్టిగానే ఉంది.

సోమవారం ఏడున్నరకే ఆవిడ వార్డుకు వచ్చింది. గోడ మీద డ్యూటీ పట్టీ ఉంది. పుండు మీద వేసేదీ పట్టీయే, గోడ మీద వేసేదీ పట్టీయే. రెండింటి పనీ ఒకటే, లోపలిది బయటికి కనిపించకుండా చూడటం. ఏడు రోజులు అడ్డంగా, తొమ్మిది పేర్లు నిలువుగా. గడుల్లో పొద్దుటి డ్యూటీకి 'పొ', మధ్యాహ్నానికి 'మ', రాత్రికి 'రా', సెలవుకు 'సె'. కొన్ని 'సె'ల పక్కన మాత్రం పెన్సిలుతో చిన్న చుక్క. దోమ వాలిందా అన్నంత చుక్క. ఆ చుక్కకు అర్థం ఆ వార్డులో వాళ్ళకే తెలుసు. సెలవే గాని, ఎవరైనా రాకపోతే నీకే ఫోన్ చేస్తాను, రావాలి తల్లీ అని. సెలవు నాడు ఎవరినీ పిలవకూడదని సిబ్బంది అధికారి సంతకంతో ఉత్తర్వు ఉంది. అందుకే పెన్సిలు. అందుకే చుక్క.

గురువారం చుక్క గడియారానిది. గడియారం అంటే గోడ గడియారం కాదు, ఒక నర్సు. పన్నెండేళ్ళలో ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదు గనక ఆ పేరు. ఇల్లు రెండు వీధుల అవతలే. అదే ఆమె చేసుకున్న పాపం. దగ్గరున్న బావినే అందరూ తోడతారు.

"అక్కా, ఈ గురువారం కూడా చుక్కేనా?" అంది గడియారం, మందుల ట్రే సర్దుతూ. తల ఎత్తలేదు.

"క్లాసు ఉందా?"

"ఎప్పుడు లేదు? మధ్యాహ్నం రెండింటికి. మొన్న టీచరమ్మ పుస్తకం తీసి చూపించింది. మూడు ఎగ్గొట్టాం. నాలుగోది పోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట. వెనకాల పదహారు మంది పిల్లలు వరసలో ఉన్నారు."

గడియారం కూతురికి ఎనిమిదేళ్ళు. చెవి వెనక వినికిడి మిషను పెట్టి ఏడాది అయింది. మాటలు నేర్పే క్లాసులో తల్లి పక్కన కూర్చోవాలి. వేరేవాళ్ళు కూర్చుంటే కుదరదు.

"ఎంతదాకా వచ్చింది?"

"అమ్మ వచ్చింది. అత్త వచ్చింది. కకారం దగ్గర ఆగింది. నా గొంతు మీద చెయ్యి వేసి చూస్తుంది, తన గొంతు మీద వేసుకుంటుంది. గాలి వస్తుంది గాని క రాదు. నిన్ను అక్కా అని పిలిపించాలని నా పంతం."

పెద్ద సిస్టరు తన ఫైలు తెరిచి ఒక కాగితం చూపించింది. ఖాళీగా ఉన్న రెండు ఉద్యోగాలూ నింపమని అర్జీ. నాలుగుసార్లు పంపింది. నాలుగుసార్లూ ఎక్కడో కాలు జారి పడిపోయింది.

"బుధవారం శిక్షణ ముగింపుకు డైరెక్టరు వస్తాడట. ఆయన చేతిలోనే పెడతాను. గురువారానికి నీ చుక్క చెరిపేస్తాను. నా మాట మీద ఉండు."

"నీ మాట మీదే ఉన్నా అక్కా. కాళ్ళ మీదే ఉండలేకపోతున్నా."

ఐదో అంతస్తు హాల్లో కుర్చీలు మెత్తగా ఉన్నాయి. పెద్ద సిస్టరు కూర్చోగానే నడుము ఆశ్చర్యపోయింది. శిక్షణ ఇచ్చే అమ్మాయికి ముప్పై దాటి ఉండవు. చెంప పక్కన మైకు, చేతిలో బొమ్మలు మార్చే మీట. మంచి పిల్ల. అందరినీ కళ్ళు మూసుకోమంది, గాలి పీల్చమంది, వదలమంది. పెద్ద సిస్టరు పీల్చింది. వదిలేలోపే నిద్ర పట్టింది.

"ఒత్తిడి వచ్చినప్పుడు దీన్ని పిసకండి మేడమ్," అని తలా ఒక మెత్తటి పసుపు బంతి ఇచ్చింది ఆ అమ్మాయి.

"మమ్మల్ని పిసికేవాళ్ళకి కూడా తలా ఒకటి ఇవ్వండమ్మా, మా జోలికి రారు," అన్నాడు పక్క కుర్చీలో ఆపరేషన్ థియేటరు మేనేజరు. నవ్వితే కుర్చీ కూడా నవ్వేంత లావు మనిషి. "మా థియేటర్లో ఇంటర్వెల్ ఉండదు సిస్టరూ. మూడు రోజులు ఇంటర్వెల్ ఇచ్చారు, హాయిగా చూద్దాం."

వెనక వరసలో సిబ్బంది అధికారి కూర్చుని ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాసుకుంటున్నాడు. ఆయన్ని ఆసుపత్రి అంతా ఇబ్బంది అధికారి అంటుంది. ఒక్క అక్షరం మారిస్తే అసలు పేరు బయటపడింది.

మంగళవారం మధ్యాహ్నం అభ్యాసం పెట్టారు. పెద్ద పెద్ద కాగితాలు, స్కేళ్ళు, పెన్సిళ్ళు పంచారు. ముప్పై రెండు పడకల వార్డు, తొమ్మిది మంది నర్సులు, వారం రోజుల డ్యూటీ పట్టీ వెయ్యాలి.

"ఇలాంటివి ఆ అమ్మాయి కల్పిస్తోంది గాని మనకి కలల్లో కూడా వస్తాయి," అన్నాడు థియేటరు మేనేజరు, పెన్సిలు చెవిలో పెట్టుకుని.

పెద్ద సిస్టరుకు లేని మనుషుల్ని పుట్టించడం చేతకాదు. తన వార్డు తొమ్మిది పేర్లే వరసగా రాసింది. గీతలు గీయడం మొదలుపెట్టగానే చెయ్యి దానంతట అదే నడిచింది. రాత్రి చేసినవాళ్ళకు మర్నాడు పొద్దుట వెయ్యకూడదు. అత్తకు మతిమరుపు ఉన్న పిల్లకు సాయంత్రాలు వద్దు. కొత్త పిల్లను పాత పిల్లతో జత చెయ్యాలి. పదకొండేళ్ళుగా ఇంట్లో కూరగాయలు తరుగుతూ, బస్సులో నిలబడి, స్నానాల గదిలో ఆవిడ వేస్తూ వచ్చిన లెక్క అది.

అందరూ సగంలో ఉండగా శిక్షణ అమ్మాయి ఎర్ర పెన్ను పట్టుకుని బల్లల మధ్యకు వచ్చింది. "ఇప్పుడొక సవాలు!" అని ప్రతి కాగితం మీదా చివరి రెండు పేర్లు కొట్టేసింది. "వీళ్ళిద్దరూ లేరు. ఏడుగురితో చెయ్యండి."

హాలంతా గొల్లుమంది. పిల్లల వార్డు మేనేజరు స్కేలు కింద పడేసింది. థియేటరు మేనేజరు కాగితం మడిచి విసనకర్ర చేసుకున్నాడు. పెద్ద సిస్టరు రబ్బరు తీసుకుంది.

రోజుకు మూడు డ్యూటీలు, డ్యూటీకి ఇద్దరు. వారానికి నలభై రెండు గడులు. ఏడారులు నలభై రెండు. సరిగ్గా సరిపోతుంది, ఎవరికీ జ్వరం రాకపోతే, ఎవరూ జారిపడకపోతే, ఎవరి బిడ్డా ఏడవకపోతే. ఇరవై ఐదు నిమిషాల్లో గడులన్నీ నిండాయి. అలవాటు చొప్పున చెయ్యి సెలవుల పక్కన చుక్కలు కూడా పెట్టేసింది. గురువారం గడిలో గడియారం 'సె' పక్కన చుక్క పడ్డాక గాని ఆవిడ చూసుకోలేదు. ఉత్త అభ్యాసమే గదా, అనుకుంది.

ఆ అమ్మాయి కాగితాన్ని పైకెత్తి అందరికీ చూపించింది. "ఏడుగురితో! ఒక్క గడి తప్పు లేదు! ఇదీ నిర్వహణ అంటే!"

అందరూ చప్పట్లు కొట్టారు. థియేటరు మేనేజరు తనదీ పక్కాయనదీ రెండు బంతులు పట్టుకుని మరీ కొట్టాడు. పెద్ద సిస్టరు జీవితంలో నిర్వాకమే తప్ప నిర్వహణ అన్న మాట ఎవరూ అనలేదు. చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ళలో ఎవరైనా చప్పట్లు కొట్టింది ఇదే. ఆవిడ చీర కొంగు సర్దుకుని, సర్దిన కొంగునే మళ్ళీ సర్దుకుంది.

"మేడమ్, ఈ చుక్కలేమిటి?" అంది శిక్షణ అమ్మాయి, కాగితం దగ్గరగా పెట్టుకుని.

వెనక వరసలో సిబ్బంది అధికారి పెన్ను ఆపి తల ఎత్తాడు. ఉత్తర్వు మీద సంతకం చేసిన పెన్ను అదే కావచ్చు.

"ఏం లేదమ్మా," అంది పెద్ద సిస్టరు. "పెన్సిలు తగిలింది."

సాయంత్రం ఇంట్లో మొగుడికి చప్పట్ల సంగతి చెప్పింది, చుక్కల సంగతి చెప్పలేదు. ఆయన సంబరపడి, "రేపు బస్సులో అనౌన్సు చేస్తా. ముందు సీట్లోవాళ్ళు కూడా లేచి నిలబడతారు," అన్నాడు. ఆవిడ నవ్వింది. అర్జీ నలగకుండా ఉండాలని ప్లాస్టిక్ కవరులో పెట్టింది.

బుధవారం పదకొండింటికి డైరెక్టరు వచ్చాడు. ఆసరా అన్నారు గదా అని ఎదురు చూస్తే, తీరా వచ్చింది ఆ సారు. తెర మీద ఆవిడ పట్టీ కనిపించింది. రాత్రికి రాత్రి ఎవరో చక్కగా కంప్యూటర్లో కొట్టించారు. పొలు, మలు, రాలు, సెలు. రంగులు కూడా వేశారు. చుక్కలు లేవు. పెన్సిలు తగిలిందన్నాక మరకల్ని ఎవరు అచ్చు వేస్తారు?

"తొమ్మిది మంది చాలట్లేదు, పదకొండు కావాలి అని ప్రతి వార్డూ గోల పెడుతుంది," అన్నాడు డైరెక్టరు, సర్టిఫికెట్టు ఆవిడ చేతిలో పెట్టి ఫోటోకు నవ్వుతూ. "ఏడుగురితో నడుస్తుందని మీరు నిరూపించారమ్మా. ఇలాంటి బుర్రలు కింద అంతస్తుల్లో ఉన్నాయని నాకింతకాలం ఎవరూ చెప్పలేదు."

ఫోటో అయిపోయింది. ఆవిడ కవరులోంచి అర్జీ తీసింది. వేళ్ళు పసుపు బంతిని పిసికినట్టు కవరును పిసికాయి.

ఆయన చదివాడు. కోపం రాలేదు. కోపం వచ్చినా బావుండేది. కళ్ళజోడు తీసి ఆప్యాయంగా అడిగాడు.

"ఇది కోర్సుకు ముందు రాసిందా, తర్వాత రాసిందా?"

"ముందే రాశాను సార్."

"అదీ సంగతి!" అని అర్జీని మడిచి తిరిగి ఆవిడకే ఇచ్చాడు. "కోర్సు పనిచేసిందన్నమాట."

"సార్, ఆ పట్టీలో చుక్కలు..."

"ఏ చుక్కలు?"

ఆయన తెర వైపు చూశాడు. తెర మీద చుక్క లేదు. సిబ్బంది అధికారి డైరెక్టరు వెనక నిలబడి ఆవిడ మొహమే చూస్తున్నాడు. చెబితే, పదకొండేళ్ళుగా సెలవు నాడు పిలిపించిన ప్రతి పిలుపూ బయటపడుతుంది. పిలిచిన తన మీదే కాదు, చెప్పకుండా వచ్చి చేసిన పిల్లల మీద కూడా కాగితాలు లేస్తాయి.

"ఏం లేదు సార్," అంది.

పక్క గదిలోంచి ఫైలు రావడానికి మూడు నెలలు పట్టే ఆసుపత్రి అది. ఈ ఉత్తర్వు మాత్రం ఆవిడ ఐదు అంతస్తులు దిగేలోపే వార్డుకు చేరింది. ఎర్ర పెన్ను కొట్టేసిన ఆ రెండు పేర్లూ రేపటి నుంచి పైన కొత్తగా తెరిచే ప్రత్యేక గదుల్లో పనిచెయ్యాలి. జతగా రంగుల పట్టీ, గోడకు అంటించడానికి.

ఆ ఇద్దరు పిల్లలూ బల్ల దగ్గర నిలబడ్డారు. "మేమేం తప్పు చేశాం సిస్టర్?" అంది చిన్నది.

"మీరు చివర ఉన్నారమ్మా," అంది పెద్ద సిస్టరు. అంతకంటే నిజం ఆవిడకు దొరకలేదు.

గడియారం రంగుల పట్టీ ముందు చాలాసేపు నిలబడింది. వేలితో తన వరస పట్టుకుని గురువారం దాకా నడిపించింది. 'సె' దగ్గర ఆగింది. అచ్చులో చుక్క లేదు.

"చెరిపేశావా అక్కా?" అంది. మొహం విప్పారింది. "అన్నమాట నిలబెట్టుకున్నావ్!"

పెద్ద సిస్టరు నోరు తెరిచింది. చుక్క తను చెరపలేదనీ, చుక్కతో పాటు ఇద్దరు మనుషులు కూడా చెరిగిపోయారనీ చెప్పాలి. గడియారం అప్పటికే సంచీలో పిల్ల పుస్తకం, చెవి మిషనుకు కొత్త బ్యాటరీ సర్దుకుంటోంది.

"రేపు రెండింటికల్లా క్లాసుకు వెళ్ళు," అంది పెద్ద సిస్టరు. "ఆలస్యం చెయ్యకు."

"గడియారాన్ని పట్టుకుని ఆలస్యం చెయ్యకంటున్నావ్," అని నవ్వుతూ వెళ్ళిపోయింది ఆమె.

గురువారం పొద్దున్నే శిక్షణ అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే నెల రెండో విడత ఉందట. "ఈసారి ఆ భాగం మీరే చెప్పాలి మేడమ్. ఏడుగురితో ఎలాగో మీ నోటితో వింటే మిగతా మేనేజర్లకు ధైర్యం వస్తుంది." గొంతులో కల్మషం లేదు. "మీకు ఏ ఆసరా కావాలన్నా నా నంబరు ఉంది కదా?"

"ఉందమ్మా," అంది పెద్ద సిస్టరు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కి పట్టుకుని పదకొండో పడక దుప్పటి మూల మడుస్తోంది.

మధ్యాహ్నం డ్యూటీకి పట్టీలో ఇద్దరున్నారు. ఒంటిగంటకు అందులో ఒకామె ఫోన్ చేసింది. "జ్వరం అక్కా. లేచి నిలబడితే గోడలు తిరుగుతున్నాయి." రెండో ఆమె వచ్చింది. రెండింపావుకు నాలుగో పడక మనిషికి ఊపిరి ఆడక, పక్క భవనంలో స్కానింగుకు తీసుకెళ్ళాలన్నారు. వెంట నర్సు ఉండాలన్నది నియమం. ఆమె స్ట్రెచర్ వెంట పరుగెత్తింది.

వార్డులో పెద్ద సిస్టరు ఒక్కతే మిగిలింది. ముప్పై ఒక్క పడకలు. మూడు సెలైన్ సీసాలు అడుగంటుతున్నాయి. మూడింటి మందులు ట్రేలోనే ఉన్నాయి. పంతొమ్మిదో పడక తాత గంట కొట్టి కొట్టి మానేశాడు. ఎడమ చెయ్యి, కాలు పడిపోయిన మనిషి. ఆవిడ దగ్గరికి వెళ్ళి దుప్పటి ఎత్తింది. పక్క తడిసి చాలాసేపు అయింది. తొడ మీద చర్మం ఎర్రబడింది.

"మన్నించు తాతా."

"నువ్వేం చేస్తావ్ తల్లీ. ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు తాతా. పట్టీ చూడు, రంగులతో సహా ఉన్నారు."

ఆయన్ని ఒక్కళ్ళు తిప్పకూడదు. ఇద్దరు కావాలి, ఒకరు పట్టుకోవడానికి, ఒకరు పక్క మార్చడానికి. ఆవిడ తలుపు వైపు చూసింది. నడవా ఖాళీగా ఉంది. ఫోన్ తీసింది. పైన సిబ్బంది కార్యాలయం నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగింది. థియేటరు మేనేజరుకు చేసింది. "నా దగ్గర కడుపు తెరిచి ఉంది సిస్టరూ, మనిషిని ఎక్కడ తెచ్చేది?" అన్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

బొటనవేలు దానంతట అదే ఇంకో నంబరు మీదికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా తెలిసిన దారి. ఒక్కసారి మోగగానే ఎత్తారు.

"అక్కా! పది నిమిషాల్లో వస్తున్నా," అంది గడియారం. ఎందుకని అడగలేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. "ఒక్క క్షణం ఉండు, ఒకటి వినిపించి బయల్దేరతా. ఇదిగో, చెప్పమ్మా. మళ్ళీ చెప్పు. నా గొంతు మీద చెయ్యి వెయ్యి."

ఫోన్లో గాలి వినిపించింది. తర్వాత ఏదో తట్టుకున్నట్టు చిన్న శబ్దం. మళ్ళీ గాలి. ఆ తర్వాత, మూత బిగుసుకున్న సీసా ఒక్కసారిగా ఊడివచ్చినట్టు, "అక్‌... కా."

పెద్ద సిస్టరు మంచం కమ్మీ పట్టుకుంది.

"విన్నావా? అక్కా, విన్నావా? ఇప్పుడే వచ్చింది, నువ్వు చెయ్యడానికి ముందే! సరే, నేను ఆటో పట్టుకుంటా. టీచరమ్మకి ఏదో చెబుతాలే..."

"ఎక్కడికే?" అంది పెద్ద సిస్టరు. "ఎందుకొస్తావ్? ఏం లేదు. జేబులో చెయ్యి తగిలి ఫోన్ వెళ్ళింది."

"నిజంగానా?"

"నిజంగానే. కూర్చో."

"చేతికి మనుషులున్నారా అక్కా?"

ఆవిడ ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. వరసగా మంచాలు. మంచం మంచానికీ రెండేసి కళ్ళు. అన్నీ ఆవిడ వైపే.

"వార్డు నిండా మనుషులే," అంది. ఫోన్ పెట్టేసింది.

జేబులో పసుపు బంతి తగిలింది. తీసి తాత కుడి చేతికి ఇచ్చింది. "కమ్మీ పట్టుకోలేకపోతే దీన్ని పిసుకు. ఒకటి, రెండు, మూడు అంటాను. మూడు అనగానే నువ్వే కొంచెం తిరగాలి, మిగతాది నేను తోస్తాను."

తాత బంతిని చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

"చెయ్యి తగిలిందన్నావ్ గదమ్మా ఫోన్లో. మరి మొహం అలా ఉందేం?"

"అటు తిరుగు తాతా."

ఆయన అటు తిరిగాడు. సగం తిరిగాడు. ఆవిడ భుజం ఊతం పెట్టి, ఒక చేత్తో తడి దుప్పటి లాగుతూ, రెండో చేత్తో పొడి దుప్పటి పరిచింది. ఏడో పడక గంట మోగింది. ఆ వెంటనే ఇరవై రెండో పడకది.

"వస్తున్నా," అంది, రెండింటికీ కలిపి.